పేరు కత్తిరించిన ఉత్తరం

రైలు ఆరున్నరకి వస్తుందన్నారు. ఏడవుతోంది, పొగ జాడైనా లేదు. నిలబడి నిలబడి ఐవా మడమలు పీకుతున్నాయి, అయినా ఇక్కడ మడమలు పీకని వాళ్ళెవరున్నారు గనక, ఈ గట్టు మీద చేరిన మూడొందల మందీ పొద్దున్నుంచీ మగ్గాల మధ్య నిలబడి వచ్చినవాళ్ళే, జుట్టులో దూది పీచు దులుపుకోవడానికైనా ఇళ్ళకి పోలేదు, పోయిన మనిషి కోసం ఇంకో గంట నిలబడటం వీళ్ళకి పెద్ద పనా. ప్రెసిడెంట్ రూజ్‌వెల్ట్ నిన్న జార్జియాలో పోయాడు. ఆయన్ని ఉంచిన పెట్టె ఇవాళ రైల్లో వాషింగ్టన్ పోతోంది, దారిలో బ్రయర్ క్రీక్ మిల్లు ఊరి పక్కనుంచి వెళ్తుంది, ఆగదట, నెమ్మదిస్తుందట, అంతే. అంతమాత్రానికే మిల్లువాళ్ళు మగ్గాలు ఆపారు. మగ్గాలు ఆగినా ఐవా చెవుల్లో హోరు ఆగలేదు, ముప్ఫై ఏళ్ళుగా అది నిద్రలో కూడా ఆగింది లేదు. పక్కన మొగుడు హోయిట్, చొక్కా పైగుండీ దాకా పెట్టుకుని, చేతులెక్కడ పెట్టుకోవాలో తెలీక. పట్టాలకి అవతలి గట్టు మీద హోయిట్ వాళ్ళన్న ఫర్మన్. అన్నదమ్ములు మాట్లాడుకుని పదకొండేళ్ళయింది. ఎందుకు మాట్లాడుకోరో ఊరందరికీ తెలుసు, తప్పుగా తెలుసు, అది తప్పని ఐవాకి తెలుసు. ఆదివారం ఫర్మన్ ఊరు విడిచి పోతున్నాడు, ఊపిరితిత్తుల నిండా దూది చేరి ఇక మిల్లులో పనికి పనికిరాడు, మిల్లులో పని చేయనివాడికి మిల్లు ఇంట్లో చోటు లేదు, అలబామాలో కూతురి దగ్గరికి పోతున్నాడు, మళ్ళీ రాడు, వచ్చే మనిషిలా కూడా లేడు. అంటే ఐవా నోరు విప్పాలంటే ఇవాళ, లేదా రేపు. రేపు అనేది ఆమె పదకొండేళ్ళుగా అనుకుంటూనే ఉంది.

"ఎంతసేపమ్మా ఇంకా, నా కాళ్ళు కట్టెలైపోయాయి," అంది వెనకనుంచి బ్యూలా, పక్క మగ్గాల వరసలో పనిచేసే మనిషి. దానికి దూది ఏకే కార్డింగు గది ముసలాయన ఒకడు, "బతికున్నప్పుడు కూడా ఆయన మన ఊరికి ఆలస్యంగానే వచ్చాడు కదే, ఇప్పుడు మాత్రం తొందరేం?" అన్నాడు. నలుగురు నవ్వబోయి, నవ్వొచ్చో లేదో తెలీక దగ్గారు. హోయిట్ నవ్వలేదు. నిన్న సాయంత్రం రేడియోలో ఆ మాట విన్నప్పట్నుంచీ హోయిట్ మొహం కడిగేసిన పలకలా ఉంది. వంటింట్లో కుర్చీలో కూచుని, రేడియో మీద చెయ్యి వేసి అన్నాడు కదా, "ఆయనకి తెలీదు ఐవా. మనకేం చేశారో ఆయనకి తెలిస్తే ఊరుకునేవాడు కాదు. ఎవరైనా ఒక్క ముక్క రాసి ఉంటే చాలేది." ఐవా పొయ్యి దగ్గర మొక్కజొన్న రొట్టె పెనం పట్టుకుని నిలబడిపోయింది, చెయ్యి కాలుతున్నా తెలీలేదు. ఎవరైనా ఒక్క ముక్క రాసి ఉంటే. రాసింది తనే. రెండు కాగితాలు, నాలుగు వైపులా, పెన్సిలుతో.

తొమ్మిదో ఏట మిల్లులో చేరింది తను. కండెలు అందక పెట్టె మీద ఎక్కి నిలబడేది, తనిఖీ మనిషి వస్తున్నాడంటే తనలాంటి వాళ్ళనందరినీ దూది బేళ్ళ వెనక దాచేవారు, అక్కడే ఒకరి మీద ఒకరు పడి నిద్రపోయేవాళ్ళు, తనిఖీవాడు రోజూ వస్తే బాగుండునని మొక్కుకునేవాళ్ళు. చీకటితో వెళ్ళి చీకటితో రావడం. చలికాలంలో ఆదివారం ఒక్కరోజే ఎండ మొహం చూడటం. అలాంటిది ముప్ఫైమూడులో ఆయన వచ్చిన కొత్తలో, వేసవిలో, ఎనిమిది గంటలే పని అన్నారు, పదహారేళ్ళ లోపు పిల్లలు మిల్లులోకి రాకూడదన్నారు. ఎవరూ నమ్మలేదు. ఆ సోమవారం మొదటి షిఫ్టు అయ్యి గేటు దాటితే ఇంకా ఎంతో ఎండ ఉంది. ఐవా గేటు దగ్గరే ఆగిపోయింది, ఒక్కతే కాదు, అందరూ ఆగిపోయారు, ఇంత పగలు పెట్టుకుని ఏం చెయ్యాలో తెలియలేదు. ఆ రోజు ఇంటికెళ్ళి పెరట్లో కూచుని చిక్కుడు తీగలకి కర్రలు పాతింది, పొద్దు గుంకేదాకా, ఊరికే. అంత సంతోషం పెళ్ళినాడు కూడా లేదు, హోయిట్‌కి చెప్పలేదు గాని. రేడియోలో ఆ గొంతు, పొడుగ్గా సాగదీసి మాట్లాడే ఉత్తరాది పెద్దింటి గొంతు, నా మిత్రులారా అంటే నిజంగానే మనల్ని అన్నట్టు ఉండేది. పోలియోతో కాళ్ళు పోయిన మనిషి, నిలబడటం ఎంత కష్టమో తెలిసిన మనిషి, అందుకే మన కాళ్ళ గురించి ఆలోచించాడనుకునేది ఐవా. పత్రికలో ఆయన బొమ్మ కత్తిరించి హోయిట్ చట్రం కట్టి గోడకి కొట్టాడు. ఏసు బొమ్మకి ఒక అంగుళం కింద. అంగుళం చాలదని అత్తగారు గొణిగింది.

మీ కష్టాలు నాకు రాయండి అన్నాడట ఆయన. ఊళ్ళో అందరూ రాశారు. ఇంటి పెద్దకి రాసినట్టు రాశారు, పన్ను నొప్పి గురించి కూడా రాసిన వాళ్ళున్నారు. బ్యూలా తన ఆవు చచ్చిపోయిందని రాసింది. రాసి, పోస్టాఫీసు దగ్గర నిలబడి జవాబు కోసం చూసేవాళ్ళు, అక్కడ వైట్‌హౌస్‌లో ఆయన భోజనం బల్ల మీద తమ ఉత్తరం చదువుకుంటున్నట్టు. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది, కానీ అప్పుడు అది వెర్రి అనిపించలేదు. మరి అంతకు ముందు తమని ఉత్తరం రాయమన్న మనిషి ఎవడున్నాడు.

రాయడం ఐవాకి ఫర్మన్ పెళ్ళాం నెటీ నేర్పింది. నెటీ రెండో తరగతి దాకా చదువుకుంది, ఆదివారం మధ్యాహ్నాలు గిన్నెలు కడిగాక వంటింటి బల్ల మీద పిండి పరిచి అందులో వేలితో రాయించేది, తర్వాత పెన్సిలు ఇచ్చింది. హోయిట్‌కి చెప్పవద్దంది ఐవా, ముందు బాగా వచ్చాక పుట్టినరోజుకి ఒక కాగితం రాసి చూపిస్తానని. ఆ పుట్టినరోజు రానేలేదు. ఎనిమిది గంటలు అయితే అయ్యాయి గాని, ఏడాది తిరక్కుండానే మగ్గాలు వెర్రెత్తినట్టు తిరగడం మొదలెట్టాయి. పన్నెండు గంటల గుడ్డ ఎనిమిది గంటల్లో ఎలా వస్తోందో ఎవరికీ అర్థం కాలేదు. నూలు తెగిపోయేది, నాడె ఎగిరి పడేది, నీళ్ళు తాగడానికి పోయి వచ్చేలోగా మూడు మగ్గాలు ఆగి ఉండేవి, మొదట ఇరవై మగ్గాలు చూసే మనిషికి నలభై ఇచ్చారు. ఆడవాళ్ళు వరసల మధ్య పరుగెత్తి పరుగెత్తి కళ్ళు తిరిగి పడిపోయేవాళ్ళు. హోయిట్ మగ్గాలు బాగుచేసే మేస్త్రి. ఒక ఆదివారం మధ్యాహ్నం వసారాలో ఫర్మన్ తోనూ తనతోనూ చెప్పాడు, గొంతు తగ్గించి. మగ్గాలన్నిటికీ పళ్ళచక్రాలు మార్చమన్నారు, నేనే మార్చాను, అందుకే ఆ వేగం. వాషింగ్టన్ నుంచి తనిఖీ మనిషి వచ్చే రోజున పాత చక్రాలు మళ్ళీ బిగించమన్నారు, అదీ నేనే బిగించాను, ఆయన గడియారం పట్టుకుని చూసి, అంతా సవ్యంగా ఉందని రాసుకుపోయాడు. ఇలా చెప్పి హోయిట్ తన చేతులవంక చూసుకున్నాడు. ఫర్మన్, "నోరు మూసుకో తమ్ముడూ, ఈ మాట ఈ మెట్లు దిగకూడదు," అన్నాడు. ముగ్గురే విన్నారు. అన్న, తమ్ముడు, తను.

ఆ గురువారం ఐవా ఉత్తరం రాసింది. ఆయనకి తెలియాలి కదా, ఆయన ఇచ్చిన ఎనిమిది గంటల్ని వీళ్ళు చక్రాల పళ్ళతో నమిలేస్తున్నారని ఆయనకి ఎవరు చెప్తారు. అందరు రాసినట్టే తనూ రాసింది, దయచేసి నా పేరు ఎవరికీ చెప్పకండి, చెప్తే మమ్మల్ని వీధిలో పడేస్తారు. అడుగున పేరు రాసి, పేరు కింద గీత గీసింది, నెటీ అలాగే నేర్పింది. మూడు వారాలకి జవాబొచ్చింది, మందపాటి కాగితం, మీ ఉత్తరం అందింది, తగిన అధికారులకు పంపించాము. ఇంటికి వస్తూ ఆ కాగితాన్ని రవికలో పెట్టుకుంది, ఊపిరి తీస్తే చప్పుడు చేసింది. తగిన అధికారులు. ఆ తగిన అధికారులెవరో నాలుగో రోజున తెలిసింది. ఏ ఆఫీసు నుంచి ఏ ఆఫీసుకి పోయిందో, ఎన్ని బల్లలు మారిందో, చివరికి ఆ ఉత్తరం వచ్చి చేరింది ఈ మిల్లు సూపరింటెండెంట్ బల్ల మీదికే, ఇందులో చెప్పినదానికి మీ సమాధానం ఏమిటని అడుగుతూ. దాన్ని పంపిన గుమాస్తా తల్లి ఎవరో గాని మాట తప్పనివాణ్ణి కన్నది. పేరు చెప్పవద్దన్నారని పేరున్న అడుగు ముక్క కత్తెరతో సాపుగా కత్తిరించి, మిగతాదంతా పంపాడు. ఆ గది ఊడ్చే మనిషి అడుగు తెగిన కాగితం చూశానని ఐవా ఒక్కదాని చెవినే వేసింది.

చక్రాల సంగతి మేస్త్రికి తప్ప తెలీదు. హోయిట్‌ని ఆ మధ్యాహ్నమే గేటు బయట నిలబెట్టారు, ఇంట్లో వాగే మేస్త్రి నాకొద్దు అన్నాడట సూపరింటెండెంట్, అంతకంటే ఒక్క మాట చెప్పలేదు, కాగితం చూపలేదు. ఇల్లు వారంలో ఖాళీ చెయ్యమన్నారు. మర్నాడు పొద్దున్న హోయిట్ పని ఫర్మన్‌కిచ్చారు. ఇంక హోయిట్‌కి వేరే సాక్ష్యం ఎందుకు. ముగ్గురు విన్నారు, ఒకడు తను, ఒకతె పెళ్ళాం, పెళ్ళానికి రాయడం రాదు, సూపరింటెండెంట్ గదికి పోయే పనీ లేదు, మిగిలింది ఒక్కడే, ఆ ఒక్కడి చేతిలో తన పనిముట్లు. హోయిట్ ఫర్మన్ ఇంటి ముందుకెళ్ళి వీధి వీధంతా వినేలా, "నా పొట్ట కొట్టి నీ పిల్లల్ని మేపుకో, నేను చచ్చినా నా గుమ్మం తొక్కకు," అని అరిచి వచ్చాడు. ఫర్మన్ తలుపులో నిలబడి విన్నాడు. ఒక్క మాట తిరిగి అనలేదు. ఏ పాపం ఎరగనివాడు తిరిగి తిట్టడా అంది ఊరు. ఐవా ఆ రాత్రి చెప్దామనుకుంది. హోయిట్ మంచం అంచున కూచుని ఏడుస్తున్నాడు, మగవాడు ఏడవడం ఆమె అంతకుముందు చూడలేదు, రేపు చెప్తాననుకుంది.

దూరంగా కూత వినిపించినట్టయితే అందరూ మెడలు చాచారు. గూడ్సు బండి, యుద్ధానికి పోయే లారీలు వేసుకుని, అవతలి లైను మీద గడగడా పోయింది. జనం మళ్ళీ ఒంటికాలి మీద నుంచి ఇంకో కాలి మీదికి మారారు. గట్టు చివర, నీళ్ళ ట్యాంకు దాటాక, నల్లవాళ్ళు వేరుగా నిలబడ్డారు, మిల్లు యార్డులో దూది బేళ్ళు మోసే రాన్సమ్ ఆదివారం కోటు వేసుకుని ముందు వరసలో ఉన్నాడు. ఆ ఎనిమిది గంటల కాగితంలో యార్డు పనివాళ్ళ పేరే రాయలేదు, వాళ్ళకి ఎనిమిదీ లేదు, ఏమీ లేదు, ఐవాకి అప్పుడు అది తట్టనైనా లేదు, ఇవాళ ఆ కోటు చూస్తే తట్టింది. అయినా వచ్చాడు. ఎందుకొచ్చాడో అడగాలనిపించింది, అడిగితే ఏం చెప్తాడు, నువ్వెందుకొచ్చావమ్మా అంటాడు.

నిజమే, తనెందుకొచ్చింది. ముప్ఫైనాలుగు సెప్టెంబరులో దక్షిణమంతా సమ్మెతో మిల్లులు ఆగిపోయాయి, హోయిట్ గేటు ముందు జెండా పట్టుకు నిలబడ్డాడు, లోపల ఫర్మన్ మగ్గాలు బాగుచేస్తూనే ఉన్నాడు, తుపాకులకి కత్తులు తొడిగి సైనికులు వచ్చారు. మూడు వారాలకి ప్రెసిడెంట్ చెప్పాడు, ఇంక పనిలోకి వెళ్ళండి, ఎవరినీ ఏమీ చెయ్యకుండా తీసుకొమ్మని మిల్లులకు చెప్పాను అని. జనం ఆయన మాట మీద బ్యాండు మేళంతో గేటు దాకా వెళ్ళారు. గేటు తెరవలేదు. సామానంతా వీధుల్లో, వానలో, పరుపులు, కుర్చీలు, గోడ నుంచి తీసిన ఆయన బొమ్మలు. ఎవరూ ఆ బొమ్మ విసిరేయలేదు, అదే వింత. ఆయనకి తెలీదన్నారు. ఆ తర్వాత అయిదేళ్ళు హోయిట్ పరాయి పొలంలో పాలుకి పత్తి వేశాడు, తను జీవితమంతా దూదిని నూలు చేస్తూ, నూలుని గుడ్డ చేస్తూ ఉండి, ఇప్పుడు మళ్ళీ మొదటికొచ్చి మొక్కలు నాటింది. ఆ కరువులో రోడ్డు పనికి పార ఇచ్చిందీ ఆయనే, అత్తగారికి నెలనెలా పింఛను పంపిందీ ఆయనే. ఒక చేత్తో పని పోయేలా చేసి ఇంకో చేత్తో పార ఇచ్చాడు, ఇచ్చిన చేతికి తీసిన చేతి సంగతి తెలుసో లేదో. ఆయన మీద కోపం తెచ్చుకుందామని ఐవా చాలాసార్లు ప్రయత్నించింది. ఆ చిక్కుడు తీగలు అడ్డొచ్చేవి.

యుద్ధం వచ్చాక మనుషులు చాలక మిల్లు పాత పగలు మర్చిపోయింది, సూపరింటెండెంట్ కూడా మారాడు, హోయిట్‌నీ తననీ తీసుకున్నారు. ఒకే గదిలో అన్నదమ్ములు, చెరో వైపు మగ్గాలు, మధ్యలో ఒక బాట. ఒకరి సుత్తి ఒకరికి కావలసి వస్తే మూడో మనిషితో తెప్పించుకునేవారు. నలభైమూడు చివర్లో ఫర్మన్ పెద్దకొడుకు డోయల్ ఇటలీలో చచ్చిపోయాడు. హోయిట్ భుజాల మీద పెరిగిన పిల్లాడు, చేపలు పట్టడం హోయిట్ దగ్గరే నేర్చుకున్నాడు. బాప్టిస్టు చర్చిలో ప్రార్థన రోజున హోయిట్ గడ్డం గీసుకుని, మంచి బూట్లు వేసుకుని, ఇంటి మెట్టు మీద కూచున్నాడు. చర్చి గంట వినిపించింది, పాట వినిపించింది, జనం తిరిగి ఇళ్ళకి పోవడం కనిపించింది, హోయిట్ మెట్టు మీదే ఉన్నాడు. పద, నేను కూడా వస్తా అంది ఐవా. "వాడి మొహం చూడలేనే," అన్నాడు. బూట్లు విప్పి లోపలికి వెళ్ళిపోయాడు. ఆ రోజు చెప్పాల్సింది. పిల్లాడి చావు ముందు కూడా నోరు రాని మనిషిని ఏమనాలి, ఆమె తనని తాను అనని మాట లేదు, ఆ మాటలన్నీ కూడా అలసిపోయాయి.

ఎందుకు చెప్పలేదంటే భయం, ఇంక వేరే పేరు లేదు. కానీ ఆ భయం కింద ఇంకోటి ఉంది, అది ఎవరికైనా చెప్తే నవ్వుతారు. ఆయన ఉన్నాడు కదా అనుకుంది. ఎప్పుడో ఒక రోజు ఎవరో పాత కాగితాలు తిరగేస్తూ ఆ ఉత్తరాన్ని ఆయన చేతిలో పెడతారని, ఆయన కళ్ళజోడు సర్దుకుని చదివి, అయ్యో, ఈ ఉత్తరాన్ని తీసుకెళ్ళి ఆ మిల్లువాడికే ఇచ్చారా అంటాడని, ఇంకో కాగితం పంపుతాడని, అందులో అంతా సరిచేసి ఉంటుందని. నాలుగుసార్లు గెలిచిన మనిషికి అదో పెద్ద పనా. అలా ఆ తప్పుని ఆయన మీద పెట్టి తను మగ్గాల మధ్య తిరిగింది. నిన్న రేడియో చెప్పింది, ఆయన లేడని. ఇంక ఎవరూ ఏ కాగితమూ పంపరు. సరిచెయ్యాల్సిన మనిషి ఈ ఎర్రమట్టి గట్టు మీద, మడమలు పీకుతూ నిలబడి ఉంది.

"వస్తోంది," అన్నారెవరో, ఈసారి నిజంగానే. టోపీలు తీశారు. రెండు ఇంజన్లు, నల్లగా, కూత లేకుండా, ముసలావిడ నడిచినంత నెమ్మదిగా మలుపు తిరిగాయి. నెమ్మదిగా వచ్చినా ఇనుము ఇనుమే, గట్టు అదిరి, ఆవిరి రొద, చక్రాల రొద, పక్కవాడి మాట వినపడదు. మిల్లులో మాటలు ఎప్పుడూ వినపడవు, పెదాల కదలికే మాట, చప్పుడు లేకుండా అరవై అడుగుల దూరాన ఉన్న మనిషితో కబుర్లాడగలరు వీళ్ళు, అందుకే ఈ ఊళ్ళో గుసగుసకి అర్థం లేదు, అందరి పెదాలూ అందరూ చదువుతారు. ఐవా హోయిట్ ముందుకి వచ్చి నిలబడింది, రైలుకి వీపు పెట్టి, నోటికి పక్కగా చెయ్యి అడ్డం పెట్టింది. నన్ను చూడు అంది. హోయిట్ చూపు బోగీల మీదుంది. మోచెయ్యి పట్టి లాగింది. ఉత్తరం నేను రాశాను, అంది పెదాలతో. నెటీ నాకు రాయడం నేర్పింది. చక్రాల సంగతి ఆయనకి నేను రాశాను. ఫర్మన్ బావ ఎవరికీ చెప్పలేదు. నేను రాసిందే తిరిగి మిల్లుకొచ్చింది. నేనే, హోయిట్.

చివరి బోగీలో దీపాలు వెలుగుతున్నాయి, తెరలు ఎత్తి ఉన్నాయి, జెండా కప్పిన పెట్టె, మూలన కదలకుండా ఒక సైనికుడు. ఆడవాళ్ళు గొల్లుమన్నారు, ముసలాయన మోకాళ్ళ మీద కూలబడ్డాడు, ట్యాంకు అవతలి నుంచి పాట ఎత్తుకున్నారు. ఐవా అటు తిరగలేదు. పన్నెండేళ్ళుగా గోడ మీద చూసిన మనిషి తన వీపు వెనకనుంచి వెళ్ళిపోయాడు, ఆమె మొగుడి మొహం చూస్తూ ఉంది. ఆ మొహం మీద దీపాల వెలుగు కిటికీ కిటికీగా పాకి, ఆరిపోయింది.

రొద తగ్గాక హోయిట్ గొంతు వినిపించింది, ఎక్కడో లోపలి నుంచి. "ఆయన చదివాడా?"

"ఏమో. తెలీదు."

"జవాబొచ్చిందా?"

"అందిందని వచ్చింది."

హోయిట్ తల ఊపాడు, మగ్గంలో ఏది విరిగిందో కనుక్కున్నప్పుడు ఊపినట్టే. తిడతాడనుకుంది, కొట్టినా సరే అనుకుంది. "డోయల్," అన్నాడు. "ఆ పిల్లాడి ప్రార్థనకి కూడా నేను..." పూర్తి చెయ్యలేదు. పట్టాల అవతల ఫర్మన్ ఒక్కడే నిలబడి ఉన్నాడు, నెటీ ఎవరినో పట్టుకుని ఏడుస్తోంది. "వెళ్ళు, వెళ్ళి మాట్లాడు," అంది ఐవా. "ఏ మొహం పెట్టుకుని పోనే," అన్నాడు హోయిట్. అంతేగా. అతనికి మొహం లేకుండా చేసింది తనే, పోవలసిందీ తనే. లంగా అంచు ఎత్తిపట్టుకుని ఐవా పట్టాలు దాటింది, పట్టాలింకా వెచ్చగా ఉన్నాయి, మధ్యలో కంకర మీద కాలు మడతపడితే ఆగలేదు.

"బావగారూ, మీకొకటి చెప్పాలి. ఆ రోజుల్లో ఆ ఉత్తరం..."

ఫర్మన్ దగ్గు ఆపుకోడానికి చెయ్యెత్తాడు. దగ్గు అయ్యాక, "తెలుసు అమ్మాయ్," అన్నాడు.

ఆమెకి అర్థం కాలేదు.

"సూపరింటెండెంట్ నన్ను పిలిచి కాగితం నా ముందు పెట్టాడు. అడుగు కత్తిరించి ఉంది. ఈ చేతిరాత ఎవరిది, మీ వీధిలో రాయడం వచ్చిన వాళ్ళెవరన్నాడు. మా వంటింటి బల్ల మీద నేర్చిన రాత నేను పోల్చుకోలేనా? అచ్చం నెటీ చెయ్యే. ఎన్నడూ చూడలేదన్నాను. నమ్మినట్టే ఉన్నాడు." ఊపిరి కోసం ఆగాడు. "మర్నాడు వాడి పని తీసుకున్నాను. అయిదుగురు పిల్లలు, కాదనలేకపోయాను. ఆ తప్పు నాదే, అది నీ ఖాతాలో వేసుకోకు."

"మరి మీ తమ్ముడు గుమ్మం ముందు నిలబడి అన్నేసి మాటలంటుంటే చెప్పలేదేం? పదకొండేళ్ళు! డోయల్ పోయినప్పుడైనా!"

ఫర్మన్ తమ్ముడి వైపు చూశాడు. అవతలి గట్టు మీద హోయిట్ టోపీ రెండు చేతుల్తో పట్టుకుని, దాని లోపల ఏదో వెతుకుతున్నట్టు నిలబడి ఉన్నాడు. "అన్న మీద కోపం పెట్టుకుని బతికెయ్యొచ్చు ఐవా. అన్న వేరే వీధిలో ఉంటాడు. పెళ్ళాం మీద కోపం పెట్టుకుని ఆ ఒక్క గదిలో వాడెలా బతుకుతాడు? ఉద్యోగం పోయింది, ఇల్లు పోయింది, నువ్వు కూడా పోతే వాడికేం మిగిలేది?"

పదకొండేళ్ళు ఈ మనిషి తన పేరుని దాచిపెట్టాడు, ఎవరూ దాచమని అడగకుండా, ఏ కాగితం మీదా లేకుండా, తమ్ముడు మిల్లుకి తిరిగొచ్చాక రోజూ అదే గదిలో బాటకి అవతల నిలబడి అతని చూపు భరిస్తూ. తను వాషింగ్టన్ వైపు చూస్తూ కూచుంది. సిగ్గు కంటే ముందు అలసటే ముంచుకొచ్చింది, అక్కడే కంకర మీద కూలబడి పడుకుండిపోవాలనిపించింది. జనం విడిపోయి ఇళ్ళవైపు సాగుతున్నారు, మిల్లు కూత కూసింది, రెండో షిఫ్టువాళ్ళు మగ్గాల దగ్గరికి పరుగందుకున్నారు. అప్పుడు హోయిట్ కదిలాడు. ఒక పట్టా దాటాడు, ఆగాడు, రెండోది దాటాడు. అన్న ముందుకొచ్చి నిలబడ్డాడు, పెదాలు కదులుతున్నాయి గాని వాటిమీద ఐవాకి ఏ మాటా చదవ రావడం లేదు.

ఫర్మన్ అతనికి ఆ కష్టం ఉంచలేదు.

"భోంచేశావా?" అన్నాడు.

హోయిట్ అడ్డంగా తలూపాడు. "ఇంకా లేదు, అన్నా."